గన్‌ఫౌండ్రీ చర్చిలో ఒక సాయంత్రం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. శాలిబండ వాడిని గనుక చార్మినార్ గురించో, 1908 మూసీ వరద గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉండవచ్చు. వాటిని గురించి పెద్దలు చాలామంది వ్రాశారు. నేను మూసీ దాటి, అవతలి ఒడ్డున విన్న పాట గురించి వ్రాయదలచుకున్నాను. నేను చరిత్ర పండితుణ్ణి కాను, సంగీతం నేర్చినవాణ్ణీ కాను. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అందుచేత ఫైలు పెట్టినట్టే మొదట విషయం, తరువాత పూర్వాపరాలు, చివర నా అభిప్రాయం, ఈ వరుసలో మనవి చేస్తాను.

విషయం

నేను 1971లో ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షన్‌లో నా పక్క కుర్చీ ఒక టైపిస్టుది. నాకంటే రెండేళ్ళు పెద్ద. తరువాత ఆయన సూపరింటెండెంటు దాకా ఎదిగి రిటైరైనాడు. ఆయన క్రైస్తవుడు. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథెడ్రల్‌లో చిన్నప్పటినుండి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో పాడేవాడు. నవంబరు నెల వచ్చిందంటే చాలు, టైపు కొడుతూ కూనిరాగం మొదలుపెట్టేవాడు. ఆ కూనిరాగంలో పాట అనదగినది మాకేమీ కనిపించేది కాదు. రెండు మూడు స్వరాల మీద అటూ ఇటూ నడిచేది. పైకి పోయేది కాదు, మలుపు తిరిగేది కాదు. "ఇదేం పాట అన్నా, పిండిగిర్ని నడిచినట్టున్నది" అని మేము నవ్వేవాళ్ళం. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. "ఇది ఒక్కటే వింటే అట్లనే ఉంటది. క్రిస్మస్ ముందర చర్చికి వచ్చి విను, అప్పుడు తెలుస్తది" అనేవాడు.

ప్రతి యేడూ పిలిచేవాడు. ప్రతి యేడూ నేను ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. ఒకసారి పిల్లలకు జ్వరం, ఒకసారి చలి, ఒకసారి రాత్రి బస్సు దొరకదని. అసలు కారణం బెరుకు. చర్చిలోకి పోతే ఎక్కడ కూర్చోవాలి, చెప్పులు విడవాలా, అందరూ మోకరిస్తే నేనేం చేయాలి? ఇంట్లో పెద్దలు ఏమంటారోనన్న శంక కూడా ఉండేది. 1990లో మాత్రం తప్పక వస్తానని మాట ఇచ్చాను. ఆ డిసెంబరులో మన నగరంలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తే. పాతబస్తీలో అల్లర్లు, కర్ఫ్యూ. నేను గడప దాటలేదు. ఆఫీసుకు మళ్ళీ వెళ్ళిన రోజున ఆయన ఒక్క మాట అన్నాడు: "నీ కోసమని బల్ల మీద రుమాలు వేసి జాగ పెట్టిన. చివరిదాకా ఖాళీగనే ఉన్నది." నేను తల వంచుకున్నాను. "పోనీలే, పాట యాడికి పోతది? మళ్ళ యేడు మళ్ళ పాడుతం" అని ఆయనే సముదాయించాడు. చివరికి నేను వెళ్ళింది 1994లో. పిలిచిన ఇరవై మూడేళ్ళకు.

పూర్వాపరాలు

మన నగరంలో పాత చర్చీలు అన్నీ మూసీకి ఉత్తరపు ఒడ్డునే ఎందుకున్నవని ఎప్పుడైనా ఆలోచించారా? 1591లో చార్మినార్ కట్టినప్పుడు వెలసిన నగరం నదికి దక్షిణాన ఉండేది. తరువాత దాని చుట్టూ ప్రాకారం లేచింది. ఇంగ్లీషు కంపెనీ వారి రెసిడెంటు మాత్రం నది అవతల, ఇప్పుడు మనకు కోఠీ మహిళా కళాశాలగా తెలిసిన భవనంలో ఉండేవాడు. 19వ శతాబ్దం మొదట్లో కర్క్‌ప్యాట్రిక్ అనే రెసిడెంటు కాలంలో ఆ భవనం కట్టారు. రెసిడెన్సీ చుట్టూ దొరలు, వారి సిబ్బంది, వర్తకులు చేరారు. వారితోపాటే చర్చీలూ, చర్చిబళ్ళూ వచ్చాయి. అబిడ్స్‌లోని సెయింట్ జార్జి చర్చి 1844 నాటిది. అంతకుముందే 1806లో సికిందర్ జా పేరిట సికింద్రాబాదు కంటోన్మెంటు ఏర్పడింది. అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. అంటే మన జంటనగరాలలో పడమటి పద్ధతి పాటకు రెండు వందల ఏళ్ళు దాటిన వయసు ఉన్నదన్న మాట. మొదట అది సిపాయిల పాట, దొరల పాట. మన చెవులకు అది గోడ అవతలి చప్పుడే.

గన్‌ఫౌండ్రీ సంగతి వేరు. ఆ పేరు ఎట్లా వచ్చిందో మన పిల్లలకు తెలియదు. నిజాం అలీఖాన్ కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1786లో ఆయన అక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దానిని తోప్ కా సాంచా అన్నారు. ఇంగ్లీషులో గన్‌ఫౌండ్రీ అయింది. 1798లో రేమండ్ చనిపోయాడు. ఆయన సమాధి మలక్‌పేట వైపు నేటికీ ఉన్నది. అదే సంవత్సరం ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేసి, నిజాం ఇంగ్లీషు వారితో సైనిక సంధి చేసుకున్నాడు. ఫిరంగుల పని పోయి, పేరు మిగిలింది.

ఆ పేటలో 1869లో ఇటలీ దేశపు మిలన్ మిషన్‌కు చెందిన ఫాదర్ ఆంటొనీ తాల్యాబుయే అనే గురువు ఒక తోట స్థలం కొన్నాడు. 1870లో చర్చికి పునాది వేశారు. ముందరి గోపురాలు రెండూ పూర్తి కావడానికి 1891 దాకా పట్టింది. మరుసటి యేడు 1892లో ఇటలీ నుండి అయిదు పెద్ద గంటలు తెప్పించి ఆ గోపురాలలో వ్రేలాడగట్టారు. నిజాం రాజ్యంలో ఇటలీ గురువులు కట్టిన చర్చిలో మన తాతల కాలం నుండి తెలుగువాళ్ళు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, గోవా వాళ్ళు ఒకే బల్ల మీద కూర్చొని పాడుతూ వచ్చారు. ఒకప్పుడు ఫిరంగులు పోసిన పేట ఇదేనని నాకు చెప్పింది కూడా ఆ మిత్రుడే.

నాలుగు గొంతుల లెక్క

ఇక ఆ పాట పద్ధతి గురించి. మన కర్ణాటక సంగీతంలో పాట ఒక్కటే దారి. పదిమంది పాడినా ఆ దారినే నడుస్తారు. రాగం, గమకం, తాళం, అన్నీ ఆ ఒక్క దారిని అలంకరించడానికే. పడమటి చర్చీలలో కూడా వందల ఏళ్ళు అట్లాగే పాడారు. సుమారు వెయ్యేళ్ళ క్రిందట ఒక గొంతు పాట పాడుతుంటే మరో గొంతు వేరే స్వరంలో జతగా నడిచే పద్ధతి మొదలైంది. 11వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గీదో అనే సన్యాసి స్వరాలను గీతల మీద వ్రాసే పద్ధతిని బాగుచేశాడు. మన సరిగమల వంటి పేర్లతో స్వరాలను పిల్లలకు నేర్పే ఉపాయం కనిపెట్టింది కూడా ఆయనే. వ్రాత వచ్చాక ఒకే పాటకు పలు దారులు వేయడం సాధ్యమైంది. 12వ శతాబ్దం చివర పారిస్ నోత్ర్‌దామ్ చర్చిలో పెరొటిన్ అనే ఆయన ఏకంగా నాలుగు గొంతులకు పాట కట్టాడు.

ఇప్పుడు క్వయర్ అంటే మామూలుగా నాలుగు వరుసలు. ఆడవాళ్ళలో, చిన్నపిల్లలలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్ళలో పై గొంతు టెనర్, కింది గొంతు బేస్. అందరికీ తెలిసిన పాట సాధారణంగా సొప్రానో వారిది. మిగిలిన మూడు వరుసలు దానికి ఆసరా. ఎవరి వరుసను వారు విడిగా పాడితే అరకొరగా ఉంటుంది. అన్నీ ఒకేసారి పాడితే నిండుతుంది. మా మిత్రుడిది బేస్ గొంతు. ఇది చదివిన వారికి ఆ పిండిగిర్ని సంగతి ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఆ సాయంత్రం

1994 డిసెంబరులో, పండుగకు కొద్ది రోజుల ముందు, ఆఫీసు నుండి నేరుగా వెళ్ళాను. గంటలు మ్రోగుతున్నాయి. లోపలికి పోతే ఎత్తైన కప్పు, కొవ్వొత్తుల వెలుగు, మైనం వాసన. మిత్రుని భార్య వాకిట్లోనే నా కోసం చూస్తూ నిలబడి, "రండి అన్నయ్యగారూ, ఆయన పొద్దున్నుంచి మీరు వస్తారో రారోనని ఒకటే గోల" అని నవ్వుతూ తీసుకుపోయింది. మూడో వరుస బల్ల మీద ఒక రుమాలు వేసి ఉన్నది. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. రుమాలు తీసి కూర్చున్నాను. చెప్పులు విడవనక్కరలేదని అప్పుడే తెలిసింది.

వేరే చర్చీల నుండి కూడా రెండు మూడు బృందాలు వచ్చాయి. మొదట పిల్లల పాటలు. తరువాత దీపాలు తగ్గించి 'సైలెంట్ నైట్' అందుకున్నారు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియా దేశంలో ఓబర్న్‌డార్ఫ్ అనే పల్లెలో ఆ పాటను తొలిసారి పాడారు. మాటలు యోసెఫ్ మోర్ అనే గురువువి, వరుస ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులుది. ఆనాడు గిటారు ఒక్కటే వాయించారు. ఒక పల్లె బడిపంతులు కట్టిన వరుస గన్‌ఫౌండ్రీ దాకా వచ్చింది చూడండి.

రెండో చరణంలో నా చెవికి ఒక చప్పుడు తగిలింది. రెండు మూడు స్వరాల మీద అటూ ఇటూ నడిచే ఆ పిండిగిర్ని. ఇరవై ఏళ్ళు పక్క కుర్చీలో విన్నది. వెనుక వరుసలో మిత్రుడు కళ్ళు మూసుకొని పాడుతున్నాడు. పైన పిల్లల గొంతులు తేలుతున్నాయి, అడుగున అది నేలలాగా పరుచుకొని ఉన్నది. అది ఒక్క క్షణం ఆగితే పైనున్న పాట గాలిలో వ్రేలాడినట్టయ్యేది, మళ్ళీ అందుకుంటే కుదుటపడేది. మేము నవ్విన ప్రతి సారీ గుర్తుకొచ్చింది. రాతి కట్టడంలో స్వరం వెంటనే చావదు. పాడడం ఆపినా రెండు క్షణాలు కప్పు కింద తిరుగుతుంది. ఆ రెండు క్షణాలు ఎవరూ దగ్గలేదు కూడా.

చివరి పాట 'హల్లెలూయా'. అందరూ లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. ఇది హాండెల్ అనే స్వరకర్త 'మెస్సయ్య' అనే పెద్ద గానంలోనిది. 1741లో 24 రోజులలో ఆయన దానిని వ్రాశాడు. మొదటిసారి వినిపించింది 1742 ఏప్రిల్ 13న, ఐర్లండులోని డబ్లిన్ నగరంలో. అదీ చర్చిలో కాదు, ఒక సంగీతశాలలో. పాడినవారు మాత్రం ఆ ఊరి రెండు కెథెడ్రళ్ళ గాయకులు. జాగా చాలదని, ఆడవారు వెడల్పాటి గౌనులు, మగవారు కత్తులు లేకుండా రావాలని ముందే ప్రకటించారట. వసూలైన డబ్బు రెండు ఆసుపత్రులకు, అప్పు తీర్చలేక జైలులో ఉన్నవారి విడుదలకు పంచారు. 142 మంది విడుదలయ్యారు. జి.పి.ఎఫ్. లోనులు, సొసైటీ అప్పులు ఎరిగిన మనకు ఈ ముక్క ప్రత్యేకించి రుచిస్తుంది. ఇంగ్లండు రాజు ఆ పాట విని లేచి నిలబడ్డాడనీ, అందుకే అందరూ నిలబడతారనీ చెబుతారు. ఆ నాటి కాగితాలలో మాత్రం దానికి ఆధారం లేదు. రికార్డు లేని విషయాన్ని గుమాస్తా ధ్రువీకరించకూడదు గదా!

బయటికి వచ్చాక మిత్రుడు అడిగాడు, "ఎట్లున్నది?" అని. "పిండిగిర్ని లేకపోతే రొట్టె లేదన్నా" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. ఆ రాత్రి ఇద్దరం అబిడ్స్ దాకా నడిచి, ఇరానీ హోటల్‌లో చాయ్ తాగి విడిపోయాం. ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. ఎక్కడికి పోయావని మా నాన్నగారు అడిగితే నిజం చెప్పాను. నిజాం కాలంలో కారకూనుగా పని చేసిన మనిషి ఆయన. "మంచి పాట విన్నావా?" అని మాత్రం అడిగి పడుకున్నారు. ఇరవై మూడేళ్ళు నేను భయపడ్డది దీనికా అనిపించింది.

పాట తెలుగు అయిన తీరు

ఇది పరాయి పాట గదా అని కొందరు అనవచ్చు. మా మిత్రుడే దానికి జవాబు. ఆయన చిన్నతనంలో పూజ లాటిన్ భాషలో జరిగేది. అర్థం తెలియకుండానే బట్టీపట్టి పాడేవాడట. 1962 నుండి 1965 దాకా రోములో జరిగిన రెండవ వాటికన్ మహాసభ ఎవరి భాషలో వారు ఆరాధించుకోవచ్చునని దారి తెరిచింది. "అప్పుడు మా అమ్మ మొట్టమొదటిసారి చర్చిలో నోరు తెరిచి పాడింది" అని చెప్పేవాడు.

ప్రొటెస్టంటు చర్చీలలో తెలుగు పాట అంతకంటే పాతది. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) నూటికి పైగా కీర్తనలు రచించారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే కీర్తనల తల మీద రాగం, తాళం వేసి ఉంటాయి, మన త్యాగరాజ కీర్తనల పుస్తకంలో ఉన్నట్టే. అదే పుస్తకంలో ఇంగ్లీషు వరుసలలో పాడే తర్జుమా పాటలూ ఉన్నాయి. 1912లో దోర్నకల్లుకు వేదనాయకం అజరయ్య బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆయన మన బాణీ పాటలను ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథెడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాల పోలికలు రెండూ కనిపిస్తాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, వేరు వేరు ప్రొటెస్టంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. ఏర్పడింది. దానితో వారి పాటలూ ఒక చోటికి చేరాయి.

రిటైరైన తరువాత, 2008లో, మేమిద్దరం బస్సులో మెదక్ వెళ్ళాం. అక్కడి కెథెడ్రల్‌ను కరువు రోజులలో చార్లెస్ పోస్నెట్ అనే మిషనరీ జనానికి పని, తిండి చూపించి కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, గోపురం సుమారు 175 అడుగులు. మేము పోయిన వేళ లోపల పెద్దగా జనం లేరు. మిత్రుడు మధ్యలో నిలబడి మెల్లగా తన బేస్ వరుస ఒక్కటే పాడాడు. తక్కిన మూడు వరుసలు లేకపోయినా, వినడం అలవాటైన నా చెవికి పాట అంతా వినిపించింది. అది నేను విన్న ఆయన చివరి పాటలలో ఒకటి. తరువాత ఆయనకు గొంతు జబ్బు చేసింది. 2012లో పోయాడు. భూస్థాపన నాడు క్వయర్ వారు ఆయనకిష్టమైన పాట పాడారు. బేస్ వరుసలో ఇద్దరే ఉన్నారు.

అభిప్రాయం

నేను ఇప్పటికీ ప్రతి డిసెంబరులో వెళ్తున్నాను. మార్పులు వచ్చాయి. నేను చూసిన కొన్ని చోట్ల నాలుగు వరుసలు పాడడం తగ్గి, రికార్డు చేసిన వాద్యం పెట్టి ఒకే వరుస పాడుతున్నారు. నాలుగు వరుసలకు నెలల తరబడి సాధన కావాలి. సాధనకు వారం వారం రావాలి. సెలవు రోజు సాయంత్రాన్ని వదులుకునే వారు తక్కువ. అయినా పట్టుబట్టి నేర్పేవారు, నేర్చేవారు ఉన్నారు, అదే సంతోషం. ఒక బేస్ గొంతు పోతే ఇంకొకటి తయారు కావడానికి పదేళ్ళు పడుతుందని మిత్రుడు అనేవాడు. మన సంగీతంలో శిష్యులు దొరకని విద్వాంసుల బాధ కూడా ఇదే గదా.

పోయిన డిసెంబరులో మా మనవరాలిని వెంట తీసుకుపోయాను. కాసేపు విని, నా చెవిలో, "తాతా, నలుగురూ నాలుగు తీర్ల పాడుతున్నరు. ఇందులో అసలు పాట ఏది?" అని అడిగింది. నేను వెనుక వరుసలో నిలబడ్డ బేస్ వాళ్ళను చూపించి, "ముందు వాళ్ళను విను, తర్వాత నీకే తెలుస్తది" అన్నాను. మనబోటి గుమాస్తాలు ఆఫీసులలో పాడింది కూడా ఆ వరుసే. జీ.వో. మీద సంతకం వేరొకరిది. అడుగున ఉన్న నోటు మనది.

సోదర పెన్షనర్లకు నా సూచన: క్రిస్మస్ ముందు వారాలలో అబిడ్స్, గన్‌ఫౌండ్రీ, సికింద్రాబాదు చర్చీలలో పాటల సాయంత్రాలు జరుగుతాయి. ముందుగా చర్చి కార్యాలయంలో తేదీ, వేళ, ఇతరులు రావచ్చునా అని కనుక్కొని వెళ్ళండి. నేను ఎరిగినంతలో మర్యాదగా వచ్చినవారిని ఎవరూ కాదనలేదు. వెనుక బల్ల మీద కూర్చోండి. మోకరించలేని వారు కూర్చొనే ఉండవచ్చు. సెల్‌ఫోను ఆపివేయండి. శాలువా, తిరుగు ప్రయాణానికి ఆటో మరువవద్దు. మీ పక్క కుర్చీ మిత్రుడు దేనికైనా పిలిస్తే, అది చర్చి కావచ్చు, ఉర్సు కావచ్చు, హరికథ కావచ్చు, ఇరవై మూడేళ్ళు ఆగకండి. నేను మాట ఇచ్చి పోలేకపోయిన ఆ 1990 సాయంత్రం ఆయన ఏయే పాటలు పాడాడో అడిగి తెలుసుకోలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

— ఒక విశ్రాంత గుమాస్తా, శాలిబండ